కొండ ఏటిలో గైడ్‌తో ఫ్లై ఫిషింగ్: మొదటి ఫోన్ నుంచి చేపను తిరిగి వదిలేదాకా

గాలం అనగానే మన కళ్ల ముందు కదిలేది ఒకటే: ముల్లుకు వానపామును గుచ్చి, బెండు కట్టి, నీళ్లలో వేసి ఒడ్డున కూర్చున్న మనిషి. ఫ్లై ఫిషింగ్‌లో వానపామూ లేదు, కూర్చోవడమూ లేదు. ఈకలు, నూలు, జంతువుల వెంట్రుకలతో చిన్న గాలపు ముల్లు మీద కట్టిన బొమ్మ పురుగే ఇక్కడ ఎర. దాన్ని ఫ్లై అంటారు. దానికి బరువన్నదే ఉండదు కనుక ఎంత బలంగా విసిరినా దూరం పోదు. అందుకని బరువును లైన్‌లో, అంటే విసిరే దారంలోనే పెట్టారు. మామూలు గాలంలో బరువైన ఎర దారాన్ని లాక్కుపోతుంది, ఇక్కడ బరువైన లైన్ ఫ్లైని మోసుకుపోతుంది. విసిరే తీరు, కర్ర పొడవు, నీటిలో నిలబడే చోటు అన్నీ ఈ తేడా నుంచే పుట్టాయి.

చేప తప్పక దొరకాలని గైడ్‌ను పెట్టుకుంటారు చాలామంది. చేపలు దొరుకుతాయి కూడా. కానీ నేను మళ్లీ మళ్లీ గైడ్‌తో వెళ్లింది ఆ ఏటిని చూసే కన్ను కోసం. నా కంటికి ఒకే తీరుగా పారుతున్న నీటిలో గైడ్ అయిదారు రకాల నీళ్లు చూస్తాడు. ఒక్క రోజులో ఆ చూపు కొంతైనా మనకు అంటాలంటే ఏమేం చేయాలో వరసగా చెబుతాను.

ముందు నెల తేల్చుకోండి, తరవాత తేదీ

కొండ నదికి ఏడాది పొడవునా ఒకే ముఖం ఉండదు. మంచు జోరుగా కరిగే వారాల్లో అది మట్టి రంగు తిరిగి, ఒడ్లు ఒరుసుకుంటూ దిగుతుంది. ఆ నీటిలో చేపకు ఫ్లై కనపడదు, మనిషికి కాలు ఆనదు. ఉధృతి తగ్గి, నీరు తేటపడి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేలా కనిపించే రోజులు మనవి. అందుకే గైడ్‌కు ఫోన్ చేసినప్పుడు "ఫలానా తేదీన ఖాళీయా?" అని మొదలుపెట్టకండి. "ఈ ఏటికి ఏ వారాలు బాగుంటాయి?" అని అడగండి. మంచి వారాలు నెలల ముందే నిండిపోతాయి కనుక ఈ ఫోన్ ఎంత ముందు చేస్తే అంత మేలు.

కొండ నదుల్లో ఎక్కువగా వెతికేది ట్రౌట్‌ను. అది చన్నీటి చేప. నీరు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చురుగ్గా మేస్తుంది, 20 డిగ్రీలకు చేరితే అలసిపోతుంది. 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 20 డిగ్రీలకు అది 9కి పడిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. అలాంటి రోజుల్లో పట్టి వదిలేసినా చేప బతకకపోవచ్చు. ఎండలు ముదిరిన మధ్యాహ్నాల్లో "ఇక ఆపుదాం" అనే గైడ్ దొరికితే వదులుకోకండి.

ఇదే ట్రౌట్ మీకు ఎన్నో దేశాల కొండల్లో ఎదురవుతుంది. బ్రౌన్ ట్రౌట్ పుట్టిల్లు యూరప్, ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాలు. రెయిన్‌బో ట్రౌట్‌ది ఉత్తర అమెరికా పడమటి తీరం, రష్యాలోని కమ్‌చట్కా. 19వ శతాబ్దంలో వలస వెళ్లినవాళ్లు వీటి గుడ్లను ఓడలకెక్కించారు. 1864లో బ్రౌన్ ట్రౌట్ గుడ్లు నాచులో సర్ది, మంచుగడ్డల మధ్య ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి దాకా ప్రాణాలతో చేరాయి. ఆ తరవాత న్యూజిలాండ్, హిమాలయాలు, దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియా. పాతుకుపోయిన చోట్ల స్థానిక చేపలను ఇవి దెబ్బతీసిన సంగతి కూడా నిజమే. కాబట్టి మీరు వెళ్లే ఏటిలో ఏది స్థానికం, ఏది బయటినుంచి వచ్చింది, దేన్ని వదలాలి, దేన్ని ఉంచుకోవచ్చు అన్నది ముందే తెలుసుకోండి. నియమం ఒక లోయకూ పక్క లోయకూ మారవచ్చు.

ఆనకట్టకు దిగువనున్న నదుల సంగతి వేరు. జలాశయం అడుగు నుంచి వదిలే చల్లని నీటివల్ల అక్కడ వేసవిలోనూ చేపలు హాయిగా ఉంటాయి. కానీ కరెంటు తయారీ కోసం నీరు వదిలితే ఏ హెచ్చరికా లేనట్టు మట్టం పెరుగుతుంది. అలాంటి నదికి వెళ్తుంటే నీళ్లు వదిలే వేళలు గైడ్‌కు నోటికి వచ్చి ఉండాలి.

గైడ్‌ను అడగాల్సినవి, గైడ్‌కు చెప్పాల్సినవి

లైసెన్స్, బీమా, ప్రథమ చికిత్సలో శిక్షణ ఉన్నాయా అన్నది తొలి ప్రశ్న. ఫోన్ సిగ్నల్ అందని లోయలో కాలు మడతపడితే ఏం చేస్తారన్నది రెండోది. దానికి తడుముకోకుండా జవాబు రావాలి. ఒక గైడ్‌కు ఎంతమంది అన్నది మూడోది. నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఒక్కరో ఇద్దరో మించితే లాభం లేదు, మూడో మనిషి వస్తే గైడ్ సమయమంతా ముళ్లు విప్పడానికే పోతుంది.

నీటిలో దిగి నడుస్తామా, పడవలో పోతామా అన్నది కూడా తేల్చుకోండి. పడవలో ఎక్కువ దూరం చూస్తారు, కాళ్లకు శ్రమ తక్కువ. నడిస్తే ఒక్కో మడుగు దగ్గర ఆగి, తప్పు చేసి, మళ్లీ చేయవచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను నడకే చెబుతాను. చేపలు పట్టే అనుమతి పత్రం ఎవరు తీస్తారు, కర్ర నుంచి బూట్ల దాకా ఏవి వాళ్లిస్తారు, వరద వస్తే డబ్బు వెనక్కిస్తారా వేరే రోజిస్తారా, బహుమానం ఇచ్చే పద్ధతి ఉందా అన్నవి రాతపూర్వకంగా తెప్పించుకుంటే తరవాత మొహమాటాలుండవు.

ఇక మీరు చెప్పాల్సినవి. ఈత వచ్చా, మోకాళ్లు గట్టివేనా, రక్తపోటు మందులేమైనా వాడుతున్నారా, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, పాదం కొలత ఎంత, ఎంతసేపు నడవగలరు. అన్నిటికన్నా ముఖ్యంగా, విసరడం ఎంతవరకు వచ్చు.

ఈ చివరి ప్రశ్న దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. నా మొదటి ప్రయాణంలో గైడ్ అడిగితే "బాగానే వచ్చు" అన్నాను. మైదానంలో పది రోజులు సాధన చేసిన ధీమా అది. ఆయన నన్ను చెట్లు వంగిన ఇరుకు పాయకు తీసుకెళ్లాడు. మధ్యాహ్నం దాకా నా ఫ్లైలు కొమ్మలకు వేలాడాయి. భోజనాల వేళ నిజం ఒప్పుకుంటే, ఆయన ఏమీ అనకుండా వెడల్పాటి గులకరాళ్ల రేవుకు మార్చి, మొదటి నుంచి చెప్పాడు. ఆ సాయంత్రం నేర్చుకున్నదే నాకు ఈనాటికీ ఆధారం. ఉదయమే నిజం చెప్పి ఉంటే ఇంకో సగం రోజు నేర్చుకునేవాణ్ణి.

ఇంటి దగ్గర రెండు వారాలు

రోజుకు పావుగంట, పచ్చిక మీద. ఫ్లై బదులు లైన్ చివర చిన్న ఊలు పోగు కట్టుకోండి. కర్ర ఎత్తి లైన్‌ను వెనక్కి విసిరి, అది వెనక పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. ఆ తరవాతే ముందుకు. తొలిరోజుల్లో అందరూ తప్పేది ఆ ఆగే క్షణం దగ్గరే. తల తిప్పి వెనక్కి చూడండి, అందులో తప్పేమీ లేదు. గడియారాన్ని ఊహించుకుంటే కర్ర పదికీ రెండుకీ మధ్యే ఆడాలి, మణికట్టు విరగకూడదు. కొరడా చప్పుడులాంటిది వినిపించిందంటే తొందరపడ్డారన్నమాట. ఏటి దగ్గరైతే ఆ చప్పుడుకు ఫ్లై తెగిపోయేది.

దూరం మీద మోజు పెట్టుకోకండి. కొండ ఏటిలో చాలా చేపలు పది మీటర్ల లోపే పడతాయి. పది మీటర్లలో పళ్లెమంత చోట ఫ్లైని వాల్చగలిగితే చాలు. వెనక చెట్లుండి లైన్ చాచడానికి చోటు లేనప్పుడు పనికొచ్చే రోల్ కాస్ట్ కూడా ఇప్పుడే తెలుసుకోండి. ఇది పచ్చిక మీద సరిగ్గా కుదరదు, లైన్‌ను పట్టి ఉంచడానికి నీరు కావాలి. దగ్గర్లో చెరువుంటే అక్కడికి వెళ్లండి.

ఒంటికి కూడా కొంత సాధన అవసరం. గుండ్రటి జారుడు రాళ్ల మీద ఆరేడు గంటలు నిలబడాలి. ఒంటికాలి మీద నిలబడే సాధన చీలమండలకు ఎంతో మేలు చేస్తుంది. వెళ్లే చోటు 2,500 మీటర్లకు పైన ఉంటే ఒకటి రెండు రోజులు ముందే చేరి, ఒంటిని ఆ గాలికి అలవాటు పడనివ్వండి.

సామాను

చాలావరకు గైడ్ ఇస్తాడు, అయినా చేతిలో ఉన్నదేమిటో తెలిసి ఉండాలి. ట్రౌట్‌కు సాధారణంగా వాడేది 9 అడుగుల, 5వ నంబరు కర్ర. ఆ నంబరు లైన్ బరువును చెబుతుంది. మందపాటి రంగు లైన్ చివర లీడర్ అనే పారదర్శకమైన దారం ఉంటుంది. అది ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని కొసన టిప్పెట్ ముక్క, దానికి ఫ్లై. టిప్పెట్ సన్నదనాన్ని ఎక్స్ అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ దారం సన్నం: 4ఎక్స్ దాదాపు 0.18 మిల్లీమీటర్లు, 5ఎక్స్ దాదాపు 0.15. ఫ్లై సైజును మూడుతో భాగిస్తే ఏ టిప్పెట్ కట్టాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 16వ సైజు ఫ్లైకి 5ఎక్స్ అలా వచ్చిందే.

మీరు తెచ్చుకోవాల్సినవాటిలో పోలరాయిడ్ కళ్లద్దాలు మొదటివి. నీటి మీద మెరుపును అవి తీసేస్తే అడుగు కనిపిస్తుంది, ఎగిరివచ్చే ముల్లు కంటికి తగలకుండానూ కాపాడతాయి. అంచున్న టోపీ, రంగు వెలిసినట్టుండే చొక్కా, ఉన్ని లేదా సింథటిక్ లోదుస్తులు, వానకోటు. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. పాదాల నుంచి ఛాతీ దాకా కప్పే, నీరు లోపలికి రాని వేడర్స్ వాళ్లిస్తే, నడుముకు బిగించే బెల్టు కూడా ఉందో లేదో అడగండి. అది లేకుండా దిగకండి.

అడుగున ఫెల్ట్ గుడ్డ అతికించిన బూట్లు పాకుడు రాళ్ల మీద పట్టునిస్తాయి. కానీ తడి ఆరని ఆ గుడ్డలో ఒక ఏటి నాచు, రోగక్రిములు దాక్కుని ఇంకో ఏటికి చేరతాయి. 2004లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలో డిడిమో అనే శైవలం కనిపించింది. అడుగు రాళ్లను దుప్పటిలా కప్పేసేది అది. 2008లో ఆ దేశం ఫెల్ట్ బూట్లను నిషేధించింది. మరికొన్ని చోట్లా ఇలాంటి నిషేధాలున్నాయి. రబ్బరు అడుగున్నవి తీసుకుంటే ఎక్కడా ఇబ్బంది రాదు.

ఆ ఉదయం: ముందు రాయి తిప్పండి

మంచి గైడ్ ఏటి దగ్గరికి రాగానే కర్ర తీయడు. కాసేపు నిలబడి చూస్తాడు, తరవాత ఒక రాయి ఎత్తి అడుగు భాగం చూపిస్తాడు. చూపించకపోతే మీరే అడగండి. ఆ రాయి కింద కనిపించేది చేప రోజూ తినే తిండి. తోకలాంటి రెండు మూడు పోగులతో, పక్కన మొప్పలు ఆడిస్తూ పాకేవి మేఫ్లై పిల్లలు. ఇసుక రేణువులనూ పుల్లలనూ పట్టు పోగుతో అతికించుకుని గొట్టంలో కూర్చున్నవి క్యాడిస్. బలమైన కాళ్లతో, రెండు తోకలతో ఉండేవి స్టోన్‌ఫ్లై. ఇవి చల్లని, శుభ్రమైన నీటిలోనే బతుకుతాయి కనుక వీటిని చూస్తే ఏటికి ఆరోగ్యం ఉందని నమ్మవచ్చు.

మేఫ్లై నీటి అడుగున నెలల తరబడి, తరచు ఏడాది దాకా పెరుగుతుంది. రెక్కలొచ్చాక దాని ఆయుష్షు కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో. అప్పటికి తినడానికి నోరు కూడా పనిచేయదు. జత కట్టి, గుడ్లు పెట్టి నీటి మీదే రాలిపోతుంది. అలాంటివి వందలుగా ఒకేసారి పైకి లేచినప్పుడు ట్రౌట్ నీటిపైకి వచ్చి వాటినే ఏరుకు తింటుంది. మిగతా వేళల్లో దాని మేత చాలావరకు నీటి లోపలే. నీటిపైన తేలే డ్రై ఫ్లై కట్టాలా, లోపల మునిగే నింఫ్ కట్టాలా అన్నది గైడ్ తేల్చేది దీన్నిబట్టే. ఏది కట్టినా "ఇదే ఎందుకు?" అని అడగండి. రోజంతా ఈ ప్రశ్న విడవకండి.

ఏటిని చదవడం

నీటిలో చేపకు మూడు కావాలి: తిండి, ప్రాణభయం లేని చోటు, తక్కువ శ్రమ. మూడూ కలిసే చోటే అది ఉంటుంది. ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలుస్తుంది, తిండి ఎగువ నుంచే వస్తుంది మరి. కానీ వడి మధ్యలో నిలబడితే తిన్నదానికన్నా ఖర్చయ్యేదే ఎక్కువ. కనుక మెల్లని నీటిలో ఒళ్లుంచి, పక్కన పారే వడిలోకి తల చాచి అందుకుంటుంది. ఈ మాట పట్టుకుంటే సగం ఏరు చదివినట్టే.

ఇప్పుడు నీటివంక చూడండి. వడి నీరూ నెమ్మది నీరూ ఒరుసుకునే చోట సన్నటి గీత కనిపిస్తుంది. ఆ గీత మీద నురుగు తేలుతుంది. నురుగు పోయే దారినే పురుగులూ పోతాయి. గైడ్‌లు నురుగు వెంట చూడమనేది అందుకే. పెద్ద బండరాయి కనిపిస్తే అందరూ దాని వెనకే వేస్తారు. నిజానికి బండకు ముందు కూడా నీరు మెత్తబడే చిన్న చోటు ఉంటుంది, చాలాసార్లు పెద్ద చేప అక్కడే ఉంటుంది. గలగలమంటూ మోకాలి లోతులో పారే రాళ్ల నీటిని కొత్తవాళ్లు లెక్కచేయరు. ఆక్సిజన్, పురుగులు నిండుగా ఉండే చోటు అది. పైన అలలు చెదిరి ఉంటాయి కనుక పక్షుల కంట పడదన్న ధైర్యంతో ఉదయం, సాయంత్రం చేప అక్కడికి మేతకు వస్తుంది. లోతు మడుగుల్లో తలభాగం, అంటే నీరు దూకే చోటు, తోకభాగం, అంటే నీరు పలచబడి జారే చోటు ముఖ్యం. నడుమ నల్లగా, గంభీరంగా కనిపించే లోతు చూడ్డానికి ఎంత ఊరించినా చాలావరకు విశ్రాంతి స్థలమే. కొట్టుకుపోయి లోపలికి తొలిచిన ఒడ్డు, నీటిమీదికి వంగిన కొమ్మ నీడ కూడా వదలకండి.

చేప చూపు గురించి ఒక సంగతి. నీటి లోపలి నుంచి పైలోకం ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది, దాని చుట్టూ నీటి పైపొర అద్దంలా అడుగునే ప్రతిఫలిస్తుంది. మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు సుమారు రెండుంబావు మీటర్లు. వెలుగు వంగడంవల్ల ఒడ్డున నిలబడ్డ మనిషి ఆ కిటికీ అంచున నలిగి కనిపిస్తాడు. వంగి నడిస్తే కనిపించనే కనిపించడు. అందుకే గైడ్ తాను మోకాళ్ల మీద పోతూ మిమ్మల్నీ వంగమంటాడు. దిగువ నుంచి, చేప వెనక వైపుగా వెళ్లడం ఇంకా మంచిది.

గైడ్ చోటు చూపించే ముందే "చేప అక్కడుంటుందనుకుంటున్నాను" అని మీరు వేలు చూపండి. తప్పయితే ఆయన చెబుతాడు. పది చోట్ల ఇలా చేస్తే, పదకొండో చోట మీరూ ఆయనా ఒకే రాయి వైపు చూస్తారు. నాకు ఆ రోజు పట్టిన చేపలకన్నా అదే ఎక్కువ సంతోషం.

నీటిలో కాలు పెట్టే ముందు

దీన్ని తొందరగా చదివి వదలకండి. నీరు తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: వడి రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. తేటనీరు లోతును తక్కువ చేసి చూపిస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడే మనుషులు పడతారు.

ఎగువకు ఏటవాలుగా తిరిగి, ప్రవాహానికి పక్క ఇస్తూ నిలబడండి. అడుగు ఎత్తి వేయకండి, రాళ్ల మధ్య పాదాన్ని జరిపి కుదురుకున్నాకే రెండోది కదపండి. చేతికర్రను ఎగువ వైపు ఊని మూడో కాలిగా వాడండి. రాళ్ల తలల మీద కాకుండా వాటి మధ్య అడుగు పెట్టాలి. దాటేటప్పుడు గైడ్ చెయ్యి పట్టుకోవడానికి సంకోచించకండి, గైడ్‌లు కూడా కష్టమైన చోట ఒకరినొకరు పట్టుకునే దాటతారు. నీరు తొడ దాటి వడిగా ఉంటే వెనక్కి తిరగండి. దిగువకు దాటడం సులువుగా అనిపిస్తుంది కానీ అదే వడికి ఎదురు తిరిగి రావాలని మరచిపోవద్దు.

జారిపడితే వెంటనే లేవబోకండి. పాదం రాళ్లలో ఇరుక్కుంటే ప్రవాహం మిమ్మల్ని ముందుకు వంచేస్తుంది. వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువ వైపు, వేళ్లు నీటిపైకి పెట్టి తేలుతూ, చేతులతో ఒడ్డు వైపు తోసుకోండి. అడుగు చేతికి తగిలేంత పలచన అయ్యాకే లేవాలి. కర్ర పోతే పోనివ్వండి. చన్నీళ్లలో పడగానే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది. ఒకటి రెండు నిమిషాల్లో అది సర్దుకుంటుంది, ఆ కాసేపు నోరు నీటిపైన ఉంచడమొక్కటే మీ పని. వేడర్స్‌లో నీరు నిండితే అడుగుకు లాగేస్తుందన్నది అపోహ, నీటిలో నీటికి బరువుండదు. కానీ ఆ బరువుతో ఒడ్డెక్కడం చాలా కష్టం. బెల్టు ఎందుకంటే ఇందుకే.

నీరు ఉన్నట్టుండి కలక రంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొచ్చినా, ఇంతకుముందు పొడిగా ఉన్న రాయి తడిసినా ఒడ్డెక్కండి. పైన ఎక్కడో వాన పడి ఉంటుంది, లేదా నీళ్లు వదిలి ఉంటారు. మంచు కరిగి పారే నదుల్లో ఉదయం సులువుగా దాటిన చోటే సాయంత్రానికి నడుము లోతవుతుంది. ఉరుము వినిపిస్తే కర్ర కింద పెట్టి నీటికి దూరంగా జరగండి. ఈ కర్రలు చాలావరకు కార్బన్ ఫైబర్‌వి, వాటిగుండా కరెంటు పారుతుంది. చివరి ఉరుము తరవాత అరగంట ఆగండి.

విసరడం కన్నా తేలనివ్వడం ముఖ్యం

నీటిలో కొట్టుకొచ్చే పురుగుకు స్వంత వేగం ఉండదు, నీటి వేగమే దాని వేగం. మన ఫ్లైకి మాత్రం దారం ఉంది. మధ్యలో వడి దారాన్ని ముందుకు లాగితే, ఫ్లై నీటికన్నా వేగంగా, వెనక చిన్న గీత గీస్తూ పోతుంది. ట్రౌట్ దాన్ని చూసి కదలదు. ఈ ఈడ్పును డ్రాగ్ అంటారు, తొలిరోజు చేప పడకపోవడానికి పెద్ద కారణం ఇదే. లైన్ నీటిమీద వాలగానే కర్ర కొసతో దాన్ని ఎత్తి ఎగువ వైపు మళ్లించాలి. దీని పేరు మెండింగ్. ఫ్లై కదలకుండా లైన్ ఒక్కటే కదలాలి. మొదట కుదరదు. కర్రను పైకెత్తి, మధ్య వడి మీద లైన్ పడకుండా దగ్గర్లో మాత్రమే వేస్తే సమస్య చాలా తగ్గుతుంది.

నింఫ్ వేసేటప్పుడు దారం మీద చిన్న తేలుడు గుర్తు కడతారు. అది ఆగినా, మునిగినా, పక్కకు జరిగినా కర్ర ఎత్తండి. రాయి అయి ఉంటుందని అనుకుంటూ ఆగితే చేప ఉమ్మేస్తుంది. డ్రై ఫ్లై అయితే దానికి వ్యతిరేకం: చేప నోరు మూసి కిందికి తిరిగేదాకా ఒక్క క్షణం ఓపిక పట్టి, మెత్తగా ఎత్తాలి. ఉత్సాహంతో గుంజితే నోట్లోంచి ఫ్లై వచ్చేస్తుంది. ఒకే చోట పది పదిహేను సార్లు తేల్చినా కదలిక లేకపోతే రెండడుగులు ఎగువకు జరగండి, ఆ తరవాతే ఫ్లై మార్చడం గురించి ఆలోచించండి.

ముల్లు మనిషికి గుచ్చుకోవడం జరగని పని కాదు. అందుకే ముల్లుకున్న ఎదురు కొక్కేన్ని పట్కారుతో నొక్కేయమని గైడ్‌కు చెప్పండి, చాలా చోట్ల నియమం కూడా అదే. అలాంటి ముల్లు మన చర్మం నుంచీ చేప నోటి నుంచీ సులువుగా వస్తుంది. కంటి దగ్గర గుచ్చుకుంటే మాత్రం ముట్టుకోకుండా ఆసుపత్రికే.

చేప పడ్డాక

కర్ర కొస పైకి, దారం బిగువుగా. అది పారిపోతే పోనివ్వండి, లైన్ చుట్టిన చక్రాన్ని, అంటే రీల్‌ను తిరగనివ్వండి. ఆగినప్పుడు చుట్టుకోండి. కర్రను ఒక పక్కకు వంచి లాగితే చేప తల తిరిగి త్వరగా దారికొస్తుంది. చాలాసేపు ఆడించడంలో గొప్పేమీ లేదు. ఎంత సేపు పోరాడితే అంత ఆక్సిజన్ అప్పు దానికి.

1992లో కెనడాలో వెలువడిన ఒక అధ్యయనం నా పద్ధతి మార్చేసింది. అలసిపోయేదాకా తరిమి వెంటనే నీటిలో ఉంచిన రెయిన్‌బో ట్రౌట్‌లో చనిపోయినవి 12 శాతం. అలసట తరవాత 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38 శాతం. 60 సెకన్లు ఉంచితే 72 శాతం. ప్రయోగశాల చేపలు కనుక ప్రతి ఏటిలోనూ ఇవే అంకెలు రావు. కానీ ఆ తరవాత నేను ఫొటో కోసం చేపను ఎత్తి పట్టుకోవడం మానేశాను.

చేతులు ముందే తడుపుకోండి. పొడి చేయి చేప ఒంటిమీది జిగురు పొరను తీసేస్తుంది, దానికి రోగాల నుంచి రక్షణ ఆ పొరే. రబ్బరు వలలో, నీటిలోనే ఉంచి ముల్లు తీయండి. పొట్ట నొక్కకూడదు, మొప్పల్లో వేలు పెట్టకూడదు. ఫొటో కావాలంటే గైడ్ కెమెరా సిద్ధం చేశాక, నీరు చేతుల నుంచి కారుతుండగానే రెండు మూడు సెకన్లు ఎత్తి దించండి. తరవాత నెమ్మది నీటిలో, ఎగువకు తల ఉండేలా మెత్తగా పట్టుకోండి. ముందుకూ వెనక్కూ ఊపకండి, మొప్పల్లోకి నీరు ముందు నుంచే రావాలి. అది తోక ఆడించి తనంతట తాను జారిపోవాలి.

సాయంత్రం

కర్రలు విప్పుతున్నప్పుడు గైడ్‌ను రెండు అడగండి: నేను సరిచేసుకోవాల్సిన ఒక్క తప్పు ఏది? నేను ఒంటరిగా ఈ ఏటికి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ జవాబులు ఆ రాత్రే రాసుకోండి. వాడిన ఫ్లైల పేర్లు, నీటి ఉష్ణోగ్రత, ఎన్ని గంటలకు పురుగులు లేచాయి, చేప ఏ తీరు నీటిలో పడింది. మీరు వేలు చూపించి తప్పయిన చోట్లు కూడా రాయండి.

బూట్లు, వేడర్స్, వల ముందు మట్టి, నాచు లేకుండా కడిగి, తరవాత పూర్తిగా ఆరబెట్టండి. అరికాలి గాడుల్లో, లేసుల ముడుల్లో చేత్తో తడిమి చూడండి. ఇంకో ఏటికి వెళ్లే ముందు అవి ఎముకలా ఎండి ఉండాలి.